పలక మీద ‘నిండు’

లెక్క కట్టే రోజుకు ఇంకా పన్నెండు రోజులు

ఈ పుస్తకం రాయమని పైనుంచి ఆర్డరు. గోదాము చూసుకునేవాడు రోజూ జరిగింది జరిగినట్టు చేత్తో రాసి పెట్టాలట. నా పేరు కుళ్లాయప్ప. నల్లగుట్ట గోదాములో తొమ్మిదేళ్లుగా బియ్యానికి కాపలా ఉన్నాను. నోటి దురుసు ఎక్కువని నా మీద రెండు ఫిర్యాదులున్నాయి. రెండూ నిజమే.

పొద్దున్నే కప్పు మీదికెక్కి సోలారు పలకల దుమ్ము ఊడ్చాను. నిన్న ఊడ్చిందే ఇవాళ మళ్లీ. వాన మొహం చూసి ఏడేళ్లయింది కదా, ఇక్కడ మట్టికి కింద ఉండటం చేతకావడం లేదు.

గోదాముకు ఇటు శిబిరం, అటు నల్లగుట్టపల్లె. శిబిరంలో రెండు వందల పన్నెండు ఇళ్లు. సముద్రం పైకొచ్చి దివిసీమను మింగేశాక కృష్ణ ఒడ్డు నుంచి నడిచొచ్చినవాళ్లు. పల్లెలో నూట తొంభై ఇళ్లు. ఎక్కడికీ పోలేక ఇక్కడే ఎండుతున్న మావాళ్లు. నలభై రోజులకొకసారి గాలిపడవ వచ్చి బియ్యం దింపి పోతుంది. రెండు వైపులవాళ్లూ బతికేది ఆ బియ్యం మీదే.

ఎవరికెంత అని తేల్చేది ఆరాలమ్మ అనే యంత్రం. కాగితాల్లో దానికి ఏదో బారెడు పేరుంది, జనం ఇట్లా పెట్టుకున్నారు. ఇంటింటికీ గోడకు ఒక పెట్టె ఉంటుంది. తెల్లారేసరికి అందులోంచి ఆడగొంతు ఆరా తీస్తుంది, బియ్యం ఉన్నాయా, ఎంతమంది తింటున్నారు అని. ఇంట్లో పెద్దామె చెప్పిందే చెల్లుతుంది. ఇదివరకు రెండు బొత్తాలుండేవి, పచ్చది నొక్కితే ఉన్నట్టు, ఎర్రది నొక్కితే లేనట్టు. ముసలివాళ్లకు కళ్లు కనపడటం లేదని రెండు నెలల కిందట బొత్తాలు పీకేసి మాటలు పెట్టారు.

ఇవాళ గోదాము ముందరి పలక మీద కొత్త లెక్క పడింది. పల్లె: ఖాళీ. శిబిరం: నిండు. పోయిన విడత శిబిరానికి రావాల్సినదాంట్లో సగమే వచ్చింది. ఈసారి సున్నా చూపిస్తోంది. ఇంకో పన్నెండు రోజులకు తెల్లవారుజామున ఆరాలమ్మ ఆఖరి లెక్క కడుతుంది. అప్పటికీ పలక మీద నిండు అనే ఉంటే, గాలిపడవ బయల్దేరే రేవులో శిబిరం బస్తాలు పడవ ఎక్కవు. నలభై రోజులపాటు ఆ రెండు వందల పన్నెండు ఇళ్లకు గింజ రాదు.

నిండుగా ఉంటే మంచిదే కదా, నాకెందుకు తలనొప్పి అనుకున్నాను.

ఇంకా పది రోజులు

శిబిరం నుంచి నాంచారమ్మ వచ్చింది. డెబ్బై దాటిన మనిషి, అక్కడివాళ్లకు పెద్ద దిక్కు. వెంట కోడలు తిరుపతమ్మ, ఎనిమిదో నెల కడుపుతో ఆయాసపడుతూ. కొడుకు ఉత్తరాన కాలువ తవ్వే పనికి పోయాడు.

“బియ్యం ఎప్పుడొస్తాయి బాబూ?” అంది ముసలామె.

“పలక చూడవ్వా. ఈ తూరి మీకు రావు.”

“అదేంటి నాయనా, రోజూ చెప్తూనే ఉన్నాను కదా ఆవిడకి?”

“నువ్వు చెప్పినావు గాబట్టే ఆయమ్మ రాసుకునింది. ఇంగ నన్నడిగితే నేనేం జేసేది?”

ఆమె కాసేపు పలక వంక చూసింది. చదువు రాదు. “రాసుకుందిగా, అయితే పంపిస్తుందిలే” అని కోడలి చెయ్యి పట్టుకుని వెళ్లిపోయింది. ఇంట్లో దాచుకుని ఇంకా కావాలని వచ్చిందని నాకు ఒళ్లు మండింది. తిరుపతమ్మ బుగ్గలు లోపలికి పోయి ఉన్నాయి. వేవిళ్లేమో అనుకున్నాను. ఎనిమిదో నెలలో వేవిళ్లేంటని వాళ్లు వెళ్లాక తట్టింది. అయినా లేచి వెనక్కి పిలవలేదు.

ఇంకా ఎనిమిది రోజులు

పల్లె నుంచి ఓబుళమ్మ వచ్చింది. ఊళ్లో ఆమె మాటంటే మాటే. నాకన్నా నాలుగేళ్లు పెద్ద, చిన్నప్పుడు నన్ను బావి గట్టు మీద నుంచి తోసిన మనిషి. పలక ముందర నిలబడి వేలు పెట్టి చదివింది.

“ఏమప్పా కుళ్లాయప్పా, వాళ్లిండ్లల్లో నిండుగా ఉండాయంట, నిజమేనా?”

“ఆరాలమ్మ చెప్పినాక అబద్ధమెట్లయితాది అక్కా.”

“మా ఊర్లో పిల్లోళ్లు గంజినీళ్లు తాగి పండుకుంటాండారు. వచ్చినోళ్లు నింపుకొని కూచ్చున్నారా! యాడ దాచినారో మేమే పోయి చూసుకుంటాం.”

“ఏయ్, తొందరపడొద్దు. నేను పోయి చూసొస్తా.”

“ఐదు దినాలు చూస్తా. ఆ మీద నేను నీ మాట వినేదానికి రాను.”

ఆమె ఊరికే అనే రకం కాదు. పల్లెవాళ్లు కర్రలు తీసుకుని శిబిరంలో దూరితే ఏమవుతుందో నాకు తెలుసు. మూడేళ్ల కిందట నీళ్ల కుళాయి దగ్గర ఒకసారి కొట్లాట అయింది. నాకు భయం పట్టుకుంది.

ఇంకా ఏడు రోజులు

తెల్లారకముందే నాంచారమ్మ ఇంటికి పోయాను. తనిఖీ చేసే హక్కు నాకుంది, తొమ్మిదేళ్లలో ఒక్కసారీ వాడలేదు. పలక మీద అంకెలు చూస్తే సరిపోయేది.

గుమ్మానికి గోనెపట్టా, లోపల అలికిన నేల, మూల రేకు డబ్బా. ముసలామె నన్ను చూసి కంగారుగా లేచింది.

“కూర్చో బాబూ. టీ పెడదామంటే పాలు విరిగిపోయాయి.”

ఆ ఇంట్లో పాలనేవి ఉండి ఎన్నాళ్లయిందో దేవుడికే తెలియాలి. నేను కూర్చున్నాను. తిరుపతమ్మ గోడకు చేరగిలబడి కళ్లు మూసుకుని ఉంది.

గోడ మీద పెట్టె పలికింది. “శుభోదయం. మీ ఇంట్లో బియ్యం ఉన్నాయా?”

నాంచారమ్మ చేతులు కట్టుకుని నిలబడింది. “నిండుకున్నాయమ్మా.”

“పూర్తిగా నిండుకున్నాయా?”

“పూర్తిగా తల్లీ. వారం దాటింది.”

“సంతోషం. నమోదు చేశాను.”

లేచి రేకు డబ్బా మూత తీశాను. అడుగున తుప్పు కనిపించింది.

ఈ పుస్తకం చదివే పై అధికారి ఎవరో, ఏ భాషవాడో నాకు తెలియదు. అందుకని విడమరిచి రాస్తున్నాను. ఇంట్లో బియ్యం అయిపోతే అయిపోయాయి అనకూడదు. లేవు అని అసలే అనకూడదు. అలా అంటే ఇంట్లో లక్ష్మికి వినపడుతుందని, ఆ మాటే నిజమైపోతుందని భయం. అందుకని నిండుకున్నాయి అంటారు. లేవని చెప్పడానికి నిండాయని చెప్పడం అన్నమాట. వినేవాళ్లకు అర్థమవుతుంది, వెంటనే గిన్నెడు బియ్యం కొంగు కింద పెట్టుకొచ్చి ఇస్తారు. దివి ఆడవాళ్లు బొత్తాలున్నన్నాళ్లూ ఎర్రది నొక్కారు. నొక్కడం వేరు, నోటితో అనడం వేరు. మాటలు పెట్టిన రోజు నుంచీ రెండు వందల పన్నెండు ఇళ్లలో మర్యాదగా నిండుకున్నాయి అంటున్నారు. ఆరాలమ్మ సంతోషం అంటోంది.

మా వైపూ మా జేజి, అంటే మా నాయనమ్మ, ఆ మాటే వాడేది. వరస కరువుల్లో మాకు ఆ మర్యాద వదిలిపోయింది. లేవు, ఇయ్యి అంటాం. అందుకే పల్లెకు బియ్యం వస్తున్నాయి. మొన్న నాంచారమ్మతో నేనన్న మాటలు గుర్తొచ్చి నా మొహం మీద నేనే కొట్టుకోవాలనిపించింది.

అదే రోజు మధ్యాహ్నం

కేంద్రానికి ఫోను చేశాను. ఇమ్మానియేలు సారు ఎత్తారు. మంచాయనే. చెప్పిందంతా విని ఆయన కూడా అయ్యయ్యో అన్నారు.

“మరి మార్చండి సార్.”

“నిఘంటువులో మాట మార్చాలంటే కమిటీ కూర్చోవాలి కుళ్లాయప్పా. రెండు నెలలు పడుతుంది.”

“పడవకు ఏడు రోజులే ఉంది సార్.”

“ఇంటి పెద్దామె గొంతుతో వచ్చిన మాటను నేను గానీ నువ్వు గానీ దిద్దడానికి లేదు. దిద్దే వీలుంటే పాతరోజుల్లోలాగా మధ్యవాళ్లే తినేస్తారని ఆ రూలు పెట్టారు. వాళ్లనే లేవు అని చెప్పమను.”

అదీ నిజమే అనిపించింది. ఎండలో ఇల్లిల్లూ తిరిగాను. నాకు నచ్చజెప్పడం రాదు, అరవడం వచ్చు. సాయంత్రందాకా అరిస్తే పదకొండు మంది ముసలమ్మలు సరే అన్నారు. మిగతావాళ్లు నాంచారమ్మ ఏమంటే అదే అన్నారు. నాంచారమ్మ అనను అంది.

“ఇల్లు పోయింది, చేను పోయింది, పూజగది పోయింది. వచ్చేప్పుడు ఏం తెచ్చుకున్నాం బాబూ? ఈ నోరొక్కటి. దీంతో లేవు అనమంటావా, నిండు చూలాలు ఉన్న ఇంట్లో?”

“ఆ మర్యాదతోనే చచ్చిపోతారవ్వా!”

“ఊరుకో నాయనా, దీపాలు పెట్టేవేళ ఆ మాటలెందుకు?”

కోపంతో వచ్చేశాను. దారిలో సగం కోపం నా మీదికే తిరిగింది.

ఇంకా ఆరు రోజులు

పొద్దున పలక చూసి చెంబు జారవిడిచాను.

పదకొండు ఇళ్లవాళ్లూ చెప్పినట్టే లేవు అన్నారు. నిన్నటిదాకా పూర్తిగా నిండుగా ఉన్న బియ్యం ఒక్క రాత్రిలో ఎక్కడికి పోయాయని ఆరాలమ్మకు అనుమానం వచ్చింది. పదకొండు ఇళ్లకూ ఎదురుగా ఎర్రగా పడింది: నిల్వ మాయం, విచారణ అయ్యేదాకా నిలుపుదల. విచారణకు అరవై రోజులు.

ఇమ్మానియేలు సారుకు మళ్లీ ఫోను చేశాను. “ఇంకెవ్వరినీ ఆ మాట అననీయకు” అన్నారు.

పదకొండు ఇళ్లకూ పోయి చెప్పాల్సి వచ్చింది. ఎవరూ నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ఒకామె నాకు పీట వేసింది. నిన్న నేను అరిచి ఒప్పించింది ఆమెనే.

నాంచారమ్మ అననందుకు ఆమె ఇల్లు ఇంకా నిండు అనే ఉంది. అంటే ఆకలి మాత్రమే, దొంగతనం అంటగట్టలేదు. శిబిరానికి ఇవాళ్టికి అంత మేలు.

నా వంతు బియ్యం తీసి తిరుపతమ్మకు ఇచ్చి వచ్చాను. గోదాములో పల్లెకు ఇంకా పంచని బియ్యం నలభై బస్తాలున్నాయి, ఆరాలమ్మ చెప్పిన రోజే తలుపు తియ్యాలి. తాళం చెవి నా మొలకే ఉంది. ముందే తీస్తే గుమ్మంలోని కాటా ద్వారా మరుక్షణం ఆరాలమ్మకు తెలిసిపోతుంది, రెండు వైపులా పడవ ఆగిపోతుంది. రోజంతా ఆ తాళంచెవిని తడుముకుంటూ కూర్చున్నాను.

ఇంకా మూడు రోజులు

ఓబుళమ్మ అన్నంత పనీ చేసింది.

పట్టపగలు నలభై మందిని వెంటేసుకుని శిబిరం మీదికి వచ్చింది. అందరి చేతుల్లో కర్రలు. నిజం చెప్పడానికి నేను రెండుసార్లు పల్లెకు పోయాను, బియ్యం దొంగలకు వత్తాసు పలుకుతున్నానని ఎవరూ తలుపు కూడా తియ్యలేదు. పలక మీద ఎర్రగా ‘నిల్వ మాయం’ అని పడ్డాక నా మాట ఎవడు వింటాడు?

పరుగెత్తి వాళ్లకు అడ్డం నిలబడ్డాను. ఓబుళమ్మ నన్ను పక్కకు తోసింది, బావి గట్టు మీద తోసినట్టే. నేరుగా నాంచారమ్మ ఇంట్లోకి దూరింది. పెద్ద దిక్కు ఇంట్లోనే పెద్ద మూట ఉంటుందని ఆమె లెక్క. నేనూ వెనకే దూరాను.

రేకు డబ్బా బోర్లించింది. ఏమీ రాలలేదు. చాప లాగింది, కట్టెలు తన్నింది. దేవుడి పటం వెనక చెయ్యి పెడితే చిన్న గుడ్డమూట దొరికింది. “ఇదిగో, దొరికె!” అని గట్టిగా అరిచి ముడి విప్పింది. బయటవాళ్లు తోసుకుంటూ గుమ్మందాకా వచ్చారు.

మూటలో దోసెడు బియ్యం ఉన్నాయి. పసుపు కలిపి ఉన్నాయి. అవి ఒడిబియ్యం. నెలలు నిండిన పిల్లకు ఒడి నింపడానికి దాచినవి. ఎంత ఆకలైనా ముట్టనివి.

ఓబుళమ్మ ఆరుగురు ఆడపిల్లలకు ఒడి నింపిన మనిషి. మూట పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. మూల నుంచి తిరుపతమ్మ లేవబోయి లేవలేక మళ్లీ కూర్చుంది.

“ఎండన పడి వచ్చావు, కూర్చో అమ్మా” అంది నాంచారమ్మ. “కాసిని మంచినీళ్లు తాగు. భోంచేసి వెళ్దువుగాని.”

ఓబుళమ్మ చంకలోంచి కర్ర పడిపోయింది. మూట మళ్లీ ముడి వేసింది. దాన్ని కళ్లకద్దుకుని పటం వెనకే పెట్టింది.

“అవ్వా, మీరు తిని ఎన్ని దినాలైంది?”

“తిన్నాం తల్లీ” అంది ముసలామె.

అప్పుడు నేను నోరు తెరిచి నిండుకున్నాయి సంగతంతా చెప్పాను. గుమ్మంలో ఉన్నవాళ్లంతా విన్నారు. ఒకాయన మా అమ్మా అట్లే అనేది కదప్పా అని వెనక్కి జరిగాడు.

“ఆ ముండకు తెలుగు రాదా?” అంది ఓబుళమ్మ పెట్టె వైపు చూసి.

“మన తెలుగు వచ్చు అక్కా. లేవు, ఇయ్యి అంటే అర్థమైతాది.”

ఆమె నవ్వలేదు. కొంగుతో మొహం తుడుచుకుని బయటికి పోయింది. అందరూ వెనకే పోయారు. కర్రలు చాలావరకు అక్కడే వదిలేశారు. వంట కట్టెలకు పనికొస్తాయి, వండడానికి ఏమైనా ఉంటే.

ఇంకా రెండు రోజులు

గోదాము రూళ్ల పుస్తకం మొదటి నుంచి చదివాను. తొమ్మిదేళ్లలో ఇదే మొదటిసారి. ముప్పై ఒకటో రూలు దగ్గర ఆగాను: మనిషి ఏ పొయ్యి దగ్గర తింటే ఆ పొయ్యి లెక్కలో చేరతాడు, సొంత ఇంటి నిల్వతో సంబంధం లేదు. ఉప్పెన ఏడాది ఎవరి ఇల్లు ఎక్కడో తెలియనప్పుడు రాసిన రూలు. కొట్టేయడం మరిచిపోయారు.

పుస్తకం పట్టుకుని పల్లెకు పరుగెత్తాను. ఓబుళమ్మ ఇంటి ముందర పది మందిని కూర్చోబెట్టి చదివి వినిపించాను. శిబిరంవాళ్లు రేపు సాయంత్రానికి పల్లెలో మన ఇళ్లకు వచ్చి తినాలి. ఎల్లుండి తెల్లారి ఆరాలమ్మ అడిగినప్పుడు మన పెద్దామెలు వాళ్లను కూడా కలిపి చెప్పాలి. గొంతులు ఆమెకు తెలుసు కాబట్టి వాళ్లు అక్కడే ఉండి పేరు చెప్పాలి.

“అనుమానం వస్తే?” అన్నాడు ఓబుళమ్మ మరిది.

“మనకూ ఎర్ర గీత పడుతాది. అరవై దినాలు” అన్నాను. దాచి లాభం లేదు.

గోల మొదలైంది. నోటికాడ కూడు పారబోసుకుంటామా అన్నారు. మన పిల్లోళ్ల గతేమి అన్నారు. వాళ్ల తప్పేమీ లేదు, నాకూ అదే భయం. పొద్దు నడినెత్తికి వచ్చేదాకా అరుచుకున్నారు.

చివరికి ఓబుళమ్మ లేచింది. “నేనొక మాట చెప్తా. కర్ర పట్టుకొని ఆ ముసలామె ఇంట్లో దూరింది నేను. దేవుని పటం ఎనక చెయ్యి పెట్టింది నేను. ఆయమ్మ నన్ను కూచ్చోమనింది, తినిపొమ్మనింది. నేను మాత్రం నా ఇంటికి పిలుచుకుంటా. మీరు పిలుస్తారో లేదో మీ ఇష్టం.”

మొదట మరిది పెళ్లాం లేచి లోపలికి పోయి కుంకుమ భరిణె తెచ్చింది.

కుంకుమ ఎందుకో నాకు శిబిరానికి పోయాక అర్థమైంది. సంగతి చెప్పగానే నాంచారమ్మ తల అడ్డంగా ఊపింది. “పిలవని ఇంటికి ఎలా వెళ్తాం బాబూ?” ఆ ముసలామెను ఏం చేయాలో తెలియక నేను జుట్టు పీక్కుంటుంటే వెనక నుంచి ఓబుళమ్మ వచ్చింది. తిరుపతమ్మ నుదుట బొట్టు పెట్టి, “అవ్వా, రేపు మా ఇంటికి మీరంతా భోజనానికి రావాల” అంది. నాంచారమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. “అలాగే తల్లీ, తప్పకుండా వస్తాం” అంది.

పొద్దు వాలేదాకా పల్లె ఆడవాళ్లు ఇంటింటికీ తిరిగి బొట్టు పెట్టి పిలిచారు. ఆ పదకొండు ఇళ్లకు ముందు పిలిచారు. ఇరవై రెండు ఇళ్లవాళ్లు రెండేసి కుటుంబాలను తీసుకున్నారు.

లెక్క కట్టే రోజు

నిన్న సాయంత్రం శిబిరమంతా పల్లెకు నడిచింది. ఉన్నదాంట్లోనే వండి పెట్టారు, గంజి ఎక్కువ, మెతుకు తక్కువ. తిరుపతమ్మను తోపుడుబండి మీద కూర్చోబెట్టి నేనే తోశాను.

తెల్లారేసరికి ఓబుళమ్మ ఇంట్లో పెట్టె ముందర తొమ్మిది మందిమి నిలబడ్డాం. ఓబుళమ్మ, మొగుడు, కొడుకు, కోడలు, ఇద్దరు పిల్లలు, నాంచారమ్మ, తిరుపతమ్మ, మూలన నేను. నాకు లెక్కలో పని లేదు, ఇంట్లో కూర్చోలేక వచ్చాను.

“శుభోదయం. మీ ఇంట్లో బియ్యం ఉన్నాయా?”

“లేవు” అంది ఓబుళమ్మ.

“ఎంతమంది తింటున్నారు?”

“ఎనిమిది మంది.”

“నిన్న ఆరుగురు.”

“చుట్టాలొచ్చినారు.”

“వచ్చినవారు పేరు చెప్పాలి.”

తిరుపతమ్మ చెప్పింది. తర్వాత నాంచారమ్మ చెప్పింది. పెట్టె ఆగింది. ఓబుళమ్మ కోడలు చంటిదాని నోరు చేత్తో మూసింది.

“నాంచారమ్మ గారూ, మీ ఇంట్లో బియ్యం పూర్తిగా నిండి ఉన్నాయి. ఇక్కడ ఎందుకు తింటున్నారు?”

ఈ ప్రశ్న వస్తుందని అనుకున్నాం. ఏం చెప్పాలో రెండు రోజులుగా ఆమెకు నూరిపోశాను. డబ్బా తుప్పు పట్టింది, బియ్యం పురుగు పట్టాయి అని చెప్పమన్నాను. ముసలామె నా వైపు చూడనైనా చూడలేదు.

“పిలిచారమ్మా” అంది. “బొట్టు పెట్టి పిలిచారు. పిలిస్తే రాకుండా ఉంటామా?”

నా పని అయిపోయిందనుకున్నాను. పల్లె పనీ అయిపోయిందనుకున్నాను.

“ఆహ్వానం. నమోదు చేశాను” అంది ఆరాలమ్మ. ఓబుళమ్మ మొగుడు ఊపిరి వదిలాడు.

కానీ అది అయిపోలేదు. “ఓబుళమ్మ గారూ, అతిథులు ఎప్పుడు వెళ్లిపోతారు? తేదీ చెప్పండి.”

ఇది మేమెవరం అనుకోని ప్రశ్న. ఏ ఇంట్లోనూ ఎవరికీ ఏమీ నేర్పలేదు. రేపు అంటే రేపటిదాకే బియ్యం. నెల అంటే నెలకే. నలభై రోజులని చెప్పక్కా అని అరుద్దామనుకున్నాను, నా గొంతు పెట్టెకు తెలుసు. చేతులు ఊపాను, వేళ్లు చూపించాను.

ఓబుళమ్మ నన్ను చూడటం లేదు. మొహం ఎర్రబడింది.

“ఏమే, నీకు సిగ్గుందా? ఇంటికొచ్చిన చుట్టాలను, అదీ వాళ్ల ముందరే, ఎప్పుడు పోతారని అడుగుతారా యాడన్నా? నిన్ను కన్నోళ్లు నేర్పలేదా?”

“తేదీ చెప్పండి.”

“చెప్పను పో.”

పెట్టె సెలవు అని ఆగిపోయింది. ఏమైందో ఎవరికీ తెలియలేదు. నాంచారమ్మ ఓబుళమ్మ చెయ్యి పట్టుకుని నిలబడింది.

నేను గోదాముకు పరుగెత్తాను. యాభై నాలుగేళ్ల మనిషిని, మధ్యలో రెండుసార్లు పడ్డాను. పలక మీద పల్లె లెక్క పెరుగుతూ ఉంది. ఒక్కో ఇల్లు, ఒక్కో గీత. నూట తొంభై ఇళ్లలోనూ అదే ప్రశ్న అడిగింది. కొందరు కసిరారట, కొందరు నవ్వారట, ఒకామె చెవులు మూసుకుందట. ఒక్కరంటే ఒక్కరు తేదీ చెప్పలేదు.

ఎర్ర గీత ఎక్కడైనా పడుతుందేమోనని పలక చివరిదాకా చూశాను. పడలేదు. వెళ్లే తేదీ గడి ఖాళీగా ఉంటే ఆరాలమ్మ ఆ మనుషుల్ని అతిథులని రాయదట. ఇంటివాళ్లు అని రాస్తుంది.